చక్రాల మంచె

ఆదివారం, రాత్రి తొమ్మిదిన్నర. వీధిలో ట్రైలర్ మీద, నిచ్చెనెక్కి పడుకునే మా మడత టెంటు ఇంకా విప్పే ఉంది. పరుపు, పైన కప్పే రెయిన్‌ఫ్లై మిద్దె మీద ఆరేశాం. పూర్తిగా ఆరేదాకా మడవొద్దని మా ఆయనకు నాలుగుసార్లు చెప్పాను, తడిగా మడిచిపెడితే వారం తిరిగేలోపు బూజు పడుతుంది. మధ్యాహ్నం నుంచి మా వీధిన పోయేవాళ్లు ముగ్గురు ‘ఇంట్లో ఫంక్షనా?’ అని అడిగారు. ప్రొద్దుటూరులో టెంటు అంటే షామియానానే మరి.

బొలెరో వెనక తగిలించుకుని పోయే ఈ ట్రైలర్ తయారైంది ట్రాక్టర్లకు ట్రాలీలు చేసే షెడ్డులో. మా ఆయన నాలుగు నెలలు దాని చుట్టూ తిరిగాడు. ‘ఇందులో ఏం తోల్తావన్నా, ఇసకా?’ అని వెల్డింగ్ పిల్లోడు అడిగితే, ‘మీ వదినను’ అన్నాడట. చక్రాలు మా బొలెరో సైజువే పెట్టించాడు, స్టెప్నీ ఒకటుంటే రెంటికీ సరిపోతుందని. ముందు జీపు ఒక పక్కకు, వెనక ట్రైలర్ ఇంకో పక్కకు ఒరిగినా మెలిపడకుండా అన్నివైపులా తిరిగే హిచ్, అంటే రెంటినీ కలిపే కొక్కెం, బిగించారు. అంతా బాగుంది. దాని మీద చదరపు పైపులతో ఫ్రేమ్, ఆ ఫ్రేమ్ మీద 56 కిలోల టెంటు. ఎక్కించడానికి నలుగురు మగాళ్లు, బిగించడానికి 13 నంబరు పానా పట్టుకుని కింద పడుకున్న మా మరిది. బిగించాక నేను టెంటుతో వచ్చిన సూచనల కాగితం చదివి చెప్పాను, మొదటిసారి గతుకుల దారిలో పోయొచ్చాక ఆ నట్లు మళ్లీ బిగించాలని. ఎవరూ వినలేదు. మా ఇంట్లో కాగితం చదివేది నేనొక్కదాన్నే.

సంక్రాంతికి గండికోట పోదామని అసలు ప్లాను. ఏమీ తెలియకుండా పోయి, లోయ చూడ్డానికొచ్చిన జనం ముందు నవ్వులపాలు కావడం ఎందుకని, నిన్న సాయంత్రం జమ్మలమడుగు దగ్గర మా మామ వాళ్ల చేనికి తీసుకుపోయాం. కళ్లం దగ్గర కొంచెం బీడు ఉంది. చుట్టూ శనగ మొలకెత్తి పచ్చగా ఉంది. వారం కింద వాన పడింది కాబట్టి నల్లరేగడి పైకి ఆరినట్టున్నా లోపల మెత్తగానే ఉంది. అది దిగిన తర్వాత తెలిసింది.

మా ఆయన, మరిది బొలెరోను విప్పి పక్కన పెట్టేశారు. కవరు జిప్పు లాగి, నిచ్చెన బయటికి సాగదీసి, దాన్నే మీటలాగా పట్టుకుని ఇద్దరూ వెనక్కి వేలాడారు. ఈ టెంటు పుస్తకంలాగా తెరుచుకుంటుంది. అడుగు పలక సగం ఫ్రేమ్ మీద, సగం గాల్లో, గాల్లో ఉన్న సగానికి నిచ్చెనే కాలు. సగం తెరుచుకుందో లేదో, హిచ్ దగ్గరుండే ట్రైలర్ చిన్న ముందుచక్రం నేల వదిలింది. హిచ్ జానెడు పైకి లేచింది. మా పాప ‘అమ్మా, ఏనుగు తొండం ఎత్తింది’ అని చప్పట్లు.

‘వెనకభారం రా!’ అని గట్టు మీద నుంచి మామ కేకేశాడు. ‘ఎద్దులు విప్పిన బండికి వెనక కూర్చుంటే నొగలు లేవ్వా? ముందు బండికి కాళ్లు పెట్టండి.’

ట్రైలర్‌కు నాలుగు మూలలా జాకీ కాళ్లున్నాయి. దించాలని కాగితంలో రెండో వరుసలోనే ఉంది. నేను ఏమీ అనలేదు, కాగితాన్ని మాత్రం కొంచెం పైకెత్తి పట్టుకున్నాను.

మూసేసి మళ్లీ మొదలుపెట్టాం. చక్రాలకు ముందూ వెనకా రాళ్లు. కాళ్లు దించితే రేగడిలో బెత్తెడు దిగబడ్డాయి. మామ కళ్లం వెనక పడేసిన పగిలిన నాపబండలు నాలుగు మోసుకొచ్చాడు. ఈ ప్రాంతంలో బండకు కరువా! ఒక్కో కాలి కింద ఒక్కో బండ. మేస్త్రీ దగ్గర అడిగి తెచ్చుకున్న రసమట్టం పలక మీద పెట్టి, ‘ఈ మూల కొంచెం, ఆ మూల కొంచెం’ అంటూ నేను చెబుతుంటే మరిది జాకీ తిప్పాడు. బుడగ మధ్యలోకి వచ్చేసరికి ఇరవై నిమిషాలు. టెంటు విప్పడానికి పట్టింది ఆరు నిమిషాలు. వీడియోల్లో ఆ ఆరు నిమిషాలే చూపిస్తారు.

గాలి సంగతి కూడా మామే చూశాడు. పిడికెడు పొట్టు తీసుకుని, తూర్పారబట్టేవాడిలాగా చెయ్యెత్తి వదిలాడు. అది పడమటికి పోయింది. ‘తలుపు అటుపక్కకుండాల, గాలికి వీపు చూపించాల’ అన్నాడు. అప్పటికే కాళ్లు, బండలు, మట్టం అన్నీ అయిపోయాయి. తలుపు సరిగ్గా తూర్పుకే ఉంది. మళ్లీ తిప్పే ఓపిక ఎవరికీ లేదు. ఆ తప్పుకు రాత్రంతా కూలి కట్టాం, రెయిన్‌ఫ్లై పటపటమని కొట్టుకుంటూనే ఉంది.

నిచ్చెన దగ్గర ఇంకో చిక్కు. మెట్టు మెట్టుకూ రెండు పక్కలా గుండీలు, రెండూ టక్కుమనాలి. ఒకటే టక్కుమంటే ఎక్కినప్పుడు జారుతుంది. నిచ్చెన పొడవు ఒక మెట్టు తక్కువైతే గాల్లో ఉన్న పలక కిందికి వాలుతుంది, ఎక్కువైతే దాని బయటి అంచు పైకి ఎత్తుకుంటుంది. చివరికి నిచ్చెన కిందా ఒక బండ పెడితే సరిపోయింది.

‘ముగ్గురెక్కితే ఇరగదా?’ అన్నాడు మామ, పైపుల ఫ్రేమ్‌ను తట్టి చూస్తూ. పోయేటప్పుడు అది మోసేది టెంటు బరువొకటే అయినా గుంతల్లో ఎగిరెగిరి పడుతుందని, నిలబడినప్పుడు కుదుపు ఉండదు కాబట్టి మనుషుల్ని కూడా మోస్తుందని చెప్పాను. కాసేపు ఆలోచించాడు. ‘మా మంచె కూడా అంతే. నిలబడినంతసేపు ఏం కాదు, దాన్ని మోసుకుని పరిగెత్తమంటేనే కష్టం.’ జొన్న కంకికొచ్చే రోజుల్లో పిట్టలకూ పందులకూ కాపలాగా ఆయన ఎన్ని రాత్రులు మంచె మీద పడుకున్నాడో ఆయనకే లెక్క లేదు. నిన్న మాత్రం ఎక్కమంటే ఎక్కలేదు. ‘మీదేదో చక్రాల మంచె’ అని ఇంటికి పోయాడు.

రాత్రి పాపకు చలేస్తోందని కిటికీలన్నీ నేనే మూశాను. కాగితం చదివేదాన్ని నేనే, అందులో ‘రెండు కిటికీలు కొంచెం తెరిచి ఉంచాలి’ అని ఉన్నా మూసిందీ నేనే. తెల్లారేసరికి మా ముగ్గురి ఊపిరీ గుడ్డకు చెమటలా పట్టి, తల మీద చుక్క చుక్కగా రాలింది. పరుపు ఎత్తి చూస్తే కింద పలక కూడా తడే. బయట మంచు సరేసరి. రెండు గంటలప్పుడు ఒకటికి లేచి, చీకట్లో నిచ్చెన మెట్టు కోసం కాలితో వెతుక్కున్న కథ ఇక్కడ రాయను.

మంచె మీంచి తెల్లవారడం మాత్రం బాగుంది. శనగ ఆకుల మీద మంచు, పైన వరసగా కొంగలు.

మడవడం విప్పినంత సులభం కాదు. తడి గుడ్డ ఉబ్బి, ఒక మూల తోస్తే ఇంకో మూల బయటికొచ్చింది. మా ఆయన పైకెక్కి మోకాళ్లతో తొక్కుతుంటే నేను కింద జిప్పు లాగాను. ఇంటికొచ్చి మా ఆయన పానా వేసి చూస్తే రెండు నట్లు వదులయ్యాయి. నా వైపు చూశాడు, నేను కాగితం వైపు చూశాను.

కిటికీల పైన గుడ్డను నిలబెట్టే స్ప్రింగు కడ్డీలు ఎనిమిది రావాలి, ఏడే ఉన్నాయి. సంచి దులిపాం, బొలెరో సీట్ల కింద వెతికాం. ఇందాక ఎనిమిది గంటలకు మామ ఫోన్ చేశాడు. ‘కడ్డీ ఒకటి కళ్లంలో దొరికింది మ్మా. వంగుతాంది గానీ ఇరగలా, మంచి సరుకే. కాకరతీగకు నిలబెట్టినా. మీకేమన్నా కావాల్నా?’

వద్దులే మామా అన్నాను. గండికోటకు ఏడు కిటికీ కడ్డీలతోనే పోతాం.