దుబాయ్‌లో ఉద్యోగం పోతే: టికెట్ కంటే ముందు క్లెయిమ్

దుబాయ్‌లో ఉద్యోగం పోయిందన్న కబురు గాజువాక చేరగానే ఇంట్లోవాళ్ళు అనే మొదటి మాట, "ముందు వచ్చేయ్ నాన్నా, మిగతాది తర్వాత చూద్దాం." ప్రేమతో అనే మాటే. కానీ యూఏఈలో ఉద్యోగ నష్ట బీమా కట్టినవాడు ఆ మాట విని వెంటనే విమానం ఎక్కేస్తే బీమా డబ్బు మీద ఆశ వదులుకోవాల్సిందే. క్లెయిమ్ వేసినవాళ్ళు చట్టబద్ధంగా ఆ దేశంలోనే ఉండాలి. దేశం విడిచినా, కొత్త ఉద్యోగంలో చేరినా చెల్లింపు ఆగిపోతుంది.

ఈ బీమాను అక్కడ ఐఎల్‌ఓఈ (ఇన్‌వాలంటరీ లాస్ ఆఫ్ ఎంప్లాయ్‌మెంట్, అంటే మన ప్రమేయం లేకుండా ఉద్యోగం పోవడం) అంటారు. 2022 నాటి 13వ నంబరు ఫెడరల్ డిక్రీ చట్టంతో వచ్చింది, 2023 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. బేసిక్ జీతం 16,000 దిర్హాంల లోపు ఉంటే నెలకు 5, దాటితే 10 దిర్హాంలు, పైన వ్యాట్. కట్టాల్సింది కంపెనీ కాదు, ఉద్యోగే. కట్టకపోతే 400 దిర్హాంల జరిమానా. చేరాక 3 నెలలకు మించి బకాయి పడితే పాలసీ రద్దయి 200 జరిమానా పడుతుంది. జరిమానాలు తీర్చకుండా కొత్త వర్క్ పర్మిట్ రాదు. మనవాళ్ళలో చాలామంది దీన్ని ఇంకో రకం ఫైన్ అనుకుని కట్టేసి మరచిపోతారు, ఉద్యోగం పోయినప్పుడు గుర్తే రాదు.

వచ్చేది ఎంత? చివరి 6 నెలల సగటు బేసిక్‌లో 60 శాతం, ఒక్కో క్లెయిమ్‌కు గరిష్ఠంగా 3 నెలలు. తక్కువ జీతాల వర్గానికి నెలకు 10,000, ఎక్కువ జీతాల వర్గానికి 20,000 దిర్హాంలు పరిమితి. యూఏఈలో పనిచేసిన మొత్తం కాలంలో అన్నీ కలిపి 12 నెలలకు మించదు.

లెక్కలో దెబ్బతినేది బేసిక్ దగ్గరే. "నాకు 2,500 వస్తుంది" అని చెప్పే వెల్డర్ కాంట్రాక్టు తీసి చూస్తే బేసిక్ 1,500 ఉండొచ్చు, మిగతాది తిండి, వసతి అలవెన్సులు, ఓవర్‌టైమ్. బీమా చూసేది 1,500నే. అంటే నెలకు 900, మూడు నెలలకు 2,700 దిర్హాంలు. హెల్పర్ బేసిక్ 800 అయితే నెలకు 480 మాత్రమే. కంపెనీ క్యాంపు ఖాళీ చేయించాక బెడ్‌స్పేస్ (నలుగురితో పంచుకునే గదిలో మంచం అద్దె), తిండి 480లో గడవవు. అలాంటివాళ్ళకు కొత్త ఉద్యోగం వచ్చే సూచన లేకుండా ఈ డబ్బు కోసమే ఆగిపోవడం దండగ. గ్రాట్యుటీ, మిగిలిన జీతం చేతికి తీసుకుని వచ్చేయడమే మేలు. అదే ఫోర్‌మన్, క్యూసీ ఇన్‌స్పెక్టర్ స్థాయి బేసిక్ ఉంటే, ఉద్యోగం వెతుక్కునే రెండు మూడు నెలలకు ఇది నిజంగా ఆసరా.

అర్హతకు కనీసం 12 నెలలు ఎడతెగకుండా చందా నడిచి ఉండాలి. ఏడాది పాలసీ అయిపోయిన సంగతి గమనించక రెండు నెలల తర్వాత రెన్యూ చేసినవాడు ఆ గ్యాప్‌తోనే ఇబ్బందిలో పడతాడు. ఉద్యోగం బాగా నడుస్తున్నప్పుడే పాలసీ సర్టిఫికెట్ డౌన్‌లోడ్ చేసి, మొదలైన తేదీ, ముగిసే తేదీ, పేరు, ఎమిరేట్స్ ఐడీ (యూఏఈ గుర్తింపు కార్డు) నంబరు సరిపోయాయో లేదో చూసుకోండి. కమీషన్ తీసుకుని కడతామనే మధ్యవర్తుల జోలికి వెళ్ళకండి. అధికారిక మార్గాల్లోనే చేయమని అక్కడి మానవ వనరుల మంత్రిత్వ శాఖే హెచ్చరించింది.

ఇక అసలు గండం ఉద్యోగం తీసేసే రోజున ఉంది. రాజీనామా చేసినవాళ్ళకు ఈ బీమా రాదు. క్రమశిక్షణ చర్య కింద తీసేసినా రాదు, పారిపోయాడని కంపెనీ ఫిర్యాదు పెట్టి ఉన్నా రాదు. పీఆర్ఓ (కంపెనీ తరఫున వీసా, ప్రభుత్వ కాగితాల పని చూసేవాడు) వచ్చి, "తీసేశామని రాస్తే నీకే చెడ్డపేరు, రిజైన్ లెటర్ రాసివ్వు, సర్టిఫికెట్ బాగా ఇస్తాం" అంటాడు. ఆ ఒక్క కాగితంతో క్లెయిమ్ పోతుంది. కంపెనీ తీసేస్తుంటే టర్మినేషన్ లెటరే అడగాలి. అందులో తొలగించింది కంపెనీ అని, కారణం పని తగ్గడమో ప్రాజెక్టు మూతపడటమో అని స్పష్టంగా ఉండాలి. నోటీసు లేకుండా తొలగించడానికి కార్మిక చట్టంలో 44వ ఆర్టికల్ ఉంది, అవన్నీ తప్పుచేసినందుకు తీసేసే సందర్భాలు. లెటర్‌లో ఆ ఆర్టికల్ కనిపిస్తే సంతకం పెట్టే ముందే ప్రశ్నించాలి. వీసా, వర్క్ పర్మిట్ క్యాన్సిలేషన్ కాగితాల్లో నమోదైన కారణం కూడా చూడండి. లెటర్‌లో ఒకటి, అక్కడ ఇంకొకటి ఉంటే క్లెయిమ్ ఆగేది అక్కడే. అరబిక్ చదవడం రాకపోతే టైపింగ్ సెంటర్‌లో కొన్ని దిర్హాంలు ఇచ్చి చదివించుకోవడం తక్కువ ఖర్చు.

క్లెయిమ్‌కు గడువు 30 రోజులు. లెక్క మొదలయ్యేది ఉద్యోగ సంబంధం ముగిసిన తేదీ నుంచి. వివాదం కోర్టు దాకా వెళ్తే అది తేలిన తేదీ నుంచి. ఐఎల్‌ఓఈ వెబ్‌సైట్‌లోగానీ యాప్‌లోగానీ ఎమిరేట్స్ ఐడీ నంబరుతో, ఫోన్‌కు వచ్చే ఓటీపీతో లోపలికి వెళ్ళి క్లెయిమ్ వేయాలి. ఎమిరేట్స్ ఐడీ, పాస్‌పోర్టు, టర్మినేషన్ లెటర్, క్యాన్సిలేషన్ కాగితం, బ్యాంకు వివరాలు ముందే స్కాన్ చేసి పెట్టుకోవాలి. షార్జాలోని హమ్రియా లాంటి ఫ్రీజోన్‌లో (సొంత అథారిటీ నడిపే ప్రత్యేక వ్యాపార ప్రాంతంలో) పనిచేసినవాళ్ళకు క్యాన్సిలేషన్ కాగితం ఆ జోన్ అథారిటీ నుంచి వస్తుంది. చందా కట్టేటప్పుడు ఏ రంగం ఎంచుకున్నారో క్లెయిమ్‌లోనూ అదే ఉండాలి.

పత్రాలన్నీ ఇచ్చాక రెండు వారాల్లో డబ్బు రావాలన్నది నిబంధన. ఆలస్యమైతే చాలావరకు కారణం చిన్నదే ఉంటుంది. ఓటీపీ కంపెనీ ఇచ్చిన సిమ్‌కు వెళ్తుంది, ఆ సిమ్ ఉద్యోగంతోపాటే పోయి ఉంటుంది. అందుకే చందా మీ సొంత నంబరు మీద ఉండాలి. ఐబాన్ (అంతర్జాతీయ బ్యాంకు ఖాతా నంబరు) ఏఈతో మొదలై మొత్తం 23 అక్షరాలు, అంకెలు ఉంటుంది. ఒక్క అంకె తప్పినా సొమ్ము వెనక్కి పోతుంది. క్యాంపుల్లో ఇచ్చే జీతం కార్డుకు సొంత ఐబాన్ ఉండకపోవచ్చు. ఉందో లేదో కార్డు ఇచ్చినవాళ్ళను ముందే అడిగి, లేకపోతే మనీ ఎక్స్ఛేంజ్ ద్వారా తీసుకోవడం కుదురుతుందో కనుక్కోవాలి. క్రెడిట్ కార్డు, లోను బాకీ ఉంటే జీతం ఆగిన సంగతి తెలియగానే బ్యాంకు ఆ ఖాతాను బిగించేయొచ్చు. బీమా డబ్బు అందులో పడితే మీ చేతికి రాదు. విచారణకు ఫోన్ చేసినా, మెయిల్ రాసినా క్లెయిమ్ నంబరు చెప్పండి, ఎవరు ఏం చెప్పారో తేదీతో రాసిపెట్టుకోండి.

ఈ లోపు వీసా గడియారం విడిగా నడుస్తుంటుంది. క్యాన్సిల్ అయ్యాక ఎన్ని రోజులు ఉండొచ్చో వీసా రకాన్ని బట్టి మారుతుంది. పక్కవాడి లెక్క మీకు పనికిరాదు, మీ క్యాన్సిలేషన్ కాగితమే చూసుకోవాలి. గడువు దాటితే రోజుకు 50 దిర్హాంల ఫైన్. నెలకు 900 వచ్చే బీమా కోసం ఆగి రోజుకు 50 కట్టుకోవడంకంటే తెలివితక్కువ పని లేదు.

బీమా వేరు, కంపెనీ ఇవ్వాల్సిన బాకీలు వేరు. గ్రాట్యుటీ ఏడాది పూర్తయితే చాలు: మొదటి 5 ఏళ్ళకు ఏడాదికి 21 రోజుల బేసిక్, ఆపైన 30 రోజులు. ఉద్యోగం ముగిసిన 14 రోజుల్లో అన్ని బాకీలూ ఇవ్వాలి. "అన్నీ ముట్టాయి" అని రాసి ఉన్న కాగితం మీద డబ్బు ఖాతాలో పడకముందే సంతకం పెట్టకండి. ఇవ్వకపోతే మంత్రిత్వ శాఖలో ఫిర్యాదు చేయొచ్చు. 2024 నుంచి 50,000 దిర్హాంల లోపు వివాదాల్లో ఆ శాఖే తీర్పు ఇవ్వగలదు. దారి తెలియకపోతే దుబాయ్ భారత కాన్సులేట్ సహాయ కేంద్రానికి 80046342కు ఫోన్ చేయొచ్చు, అది టోల్ ఫ్రీ.

షట్‌డౌన్ పనులకు (ప్లాంటు ఆపి చేసే మరమ్మతులకు) వెళ్ళే ఫిట్టర్లు, రిగ్గర్లు ఒక సంగతి గమనించాలి. తాత్కాలిక కాంట్రాక్టు మీద వెళ్ళినవాళ్ళకు ఈ బీమా వర్తించదు. ఇళ్ళలో పనిచేసేవాళ్ళకూ లేదు. సౌదీలో నిరుద్యోగ భృతి సౌదీ పౌరులకే. అయితే 2024 అక్టోబరు నుంచి అక్కడ కంపెనీ జీతాలు ఎగ్గొడితే విదేశీ కార్మికుడికి 17,500 రియాళ్ళ దాకా ఇచ్చే బీమా ఒకటి నడుస్తోంది. విశాఖలో దిగాక ఈఎస్‌ఐలో నిరుద్యోగ భృతి ఉందట కదా అని అడిగేవాళ్ళున్నారు. అది ఇక్కడ ఈఎస్‌ఐ చందా కట్టి ఉద్యోగం పోగొట్టుకున్నవాళ్ళకే, గల్ఫ్ సర్వీసు దాంట్లో లెక్కకు రాదు.

జీతం బాకీ మీద కేసు నడుస్తుండగా ఇంటికి రాక తప్పకపోతే, బయల్దేరే ముందే నమ్మకమైన మనిషి పేరున కాన్సులేట్‌లో పవర్ ఆఫ్ అటార్నీ చేయించండి. అదే పని విశాఖ నుంచి చేయాలంటే నోటరీ, రాష్ట్ర ప్రభుత్వం, విదేశాంగ శాఖ, ఆపైన యూఏఈ దౌత్య కార్యాలయం ముద్రలు, చివరికి అరబిక్ అనువాదం కావాలి.