మెల్‌బోర్న్ చైల్డ్‌కేర్ ఆటలు, హైదరాబాద్ ఎండలో

పిల్లల సంరక్షణలో సర్టిఫికెట్ త్రీ, ఆపైన డిప్లొమా కోర్సులు చేసి మెల్‌బోర్న్ చైల్డ్‌కేర్‌లలో చేరుతున్న తెలుగువాళ్లు చాలామందే ఉన్నారు. అక్కడ వేసవి డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా. ఆ నెలల్లో నేర్చుకున్న ఆటలను ఏప్రిల్‌లో కూకట్‌పల్లిలోనో ఉప్పల్‌లోనో ప్లేస్కూల్ నడిపే వదినకో చెల్లెలికో వీడియో కాల్‌లో చెబుతుంటారు. ఆటలు తేలిగ్గానే దిగుమతి అవుతాయి. చిక్కంతా ఎండతోనే.

అక్కడ నియమాలన్నీ యూవీ చుట్టూ, అంటే ఎండలో చర్మాన్ని కాల్చే అతినీలలోహిత కిరణాల చుట్టూ తిరుగుతాయి. హాయిగా ఉన్న 25 డిగ్రీల రోజైనా యూవీ సూచిక 3కు చేరితే టోపీ పెట్టాల్సిందే. టోపీ లేని పిల్లలు నీడలోనే ఆడుకోవాలి. అదీ క్రికెట్ క్యాప్ పనికిరాదు, చెవులు, మెడ కప్పే వెడల్పు అంచుది కావాలి. సన్‌స్క్రీన్ బయటికెళ్లే 20 నిమిషాల ముందు రాసి, రెండు గంటలకోసారి మళ్లీ రాస్తారు. హైదరాబాద్‌లో యూవీకి తోడు వేడి. మే నెలలో 40 దాటే ఊళ్లో టోపీ ఉందని పదకొండింటికి పిల్లల్ని బయట వదిలితే కుదరదు. బయటి ఆట తొమ్మిదిన్నరకల్లా ముగియాలి. జారుడుబల్లను, ప్లాస్టిక్ గడ్డిని ముందు అరచేతి వెనుకవైపుతో తాకి చూడాలి. మనం చెప్పులతో నిలబడి ఉంటాం కాబట్టి ఆ వేడి మనకు తెలియదు.

నీళ్లాటకు ఖర్చు తక్కువ, ఫలితం ఎక్కువ. వెడల్పాటి టబ్‌లో నాలుగు వేళ్ల లోతు నీళ్లు చాలు. చెంబు, గరిటె, టీ వడపోసే జల్లెడ, గరాటు, రెండు స్పాంజీలు వేయండి. టబ్‌కు నలుగురే. "ఈ చెంబు నిండాలంటే ఎన్ని గ్లాసులు పోయాలి?" అని ఒక్క ప్రశ్న అడిగి ఊరుకోవాలి. కొత్తగా చేరిన మనవాళ్లకు అక్కడ కష్టమయ్యేది ఈ ఊరుకోవడమే. పిల్లాడు తడబడగానే జవాబు మనమే చెప్పేస్తాం.

నీళ్లు పొద్దున్నే పట్టి నీడలో పెట్టుకోండి. మధ్యాహ్నానికి డాబా మీది ట్యాంకు నీళ్లు చెయ్యి కాలేంత వేడెక్కుతాయి. ఆట అవగానే టబ్ బోర్లించాలి. నాలుగు వేళ్ల నీళ్లలో కూడా పసిపిల్లలు మునిగే ప్రమాదం ఉంది, నిల్వ ఉంటే డెంగీ దోమ గుడ్లు పెడుతుంది. పక్కన ఒక పెద్ద మనిషి చెయ్యి చాపితే అందే దూరంలో ఉండాలి, ఫోన్ లేకుండా. మెల్‌బోర్న్ ఉన్న విక్టోరియా రాష్ట్రంలో మూడేళ్లలోపు పిల్లలు నలుగురికి ఒకరు, ఆపైన పదకొండుమందికి ఒకరు ఉండాలని చట్టమే ఉంది. మన దగ్గర ఇరవైమందికి ఒక టీచరు, ఒక ఆయమ్మ ఉంటే గొప్ప. అందుకే నలుగుర్ని టీచరు నీళ్ల దగ్గరికి తీసుకెళ్లాలి, మిగతావాళ్లను లోపల ఆయమ్మతో పిండి ముద్దల దగ్గర కూర్చోబెట్టాలి.

ఆ పిండికి కొలత: మైదా 2 కప్పులు, ఉప్పు అర కప్పు, నూనె 2 పెద్ద చెంచాలు, క్రీమ్ ఆఫ్ టార్టార్ 2 పెద్ద చెంచాలు, మరిగే నీళ్లు ఒకటిన్నర కప్పు. క్రీమ్ ఆఫ్ టార్టార్ అంటే పుల్లటి తెల్లపొడి, బేకింగ్ సామాన్ల షాపుల్లో దొరుకుతుంది. వేడి నీళ్లు పోసి కలపడం పెద్దవాళ్ల పని. చల్లారకముందే జిగురుగా ఉందని మైదా వేస్తూ పోతే తర్వాత రాయవుతుంది; చల్లారాక చూసి చెంచా చెంచాగా వేయండి. ఏసీ గదిలో, పొడి గాలిలో పగుళ్లిస్తుంది, మూత గట్టిగా ఉన్న డబ్బాలో పెట్టాలి. రంగు కోసం పసుపు వేస్తే అందంగానే వస్తుంది కానీ యూనిఫామ్‌కు అంటితే తల్లుల చేతిలో మీ పని అయిపోతుంది. ఉప్పు ఎక్కువ కాబట్టి నోట్లో పెట్టుకునే వయసువాళ్లకు ఇవ్వకండి.

ఐసు ఆటకు స్టీలు గిన్నెలో నీళ్లు పోసి ప్లాస్టిక్ జంతువుల్ని వేసి రాత్రి ఫ్రీజర్‌లో పెడతారు. తీసిన వెంటనే ఇస్తే వేళ్లకు అతుక్కుంటుంది, పైన నీరు ఊరేదాకా ఆగండి. చిన్న ముక్కలొద్దు, గొంతులో ఇరుక్కుంటాయి. కరిగించడానికి గోరువెచ్చని నీళ్లు, చెంచా ఇవ్వండి. ఉప్పు చల్లితే ఐసు ఇంకా చల్లబడి చర్మాన్ని కాల్చినంత పని చేస్తుంది.

రంగు బియ్యం, రంగు సేమ్యా ట్రేలు ఫొటోల్లో బాగుంటాయి. తినే వస్తువుతో ఆడించడం సరికాదని అక్కడే కొన్ని సెంటర్లు మానేశాయి. ఇక్కడి నాన్నమ్మలకైతే అసలే నచ్చదు. బదులు మామిడికాయలు తెప్పించండి. చిన్నా పెద్దా వరుస పెట్టడం, బరువు చూడటం, వాసన చూసి పండిందో లేదో చెప్పడం, చివరికి కోసి తినడం. తొడిమ దగ్గర సొన పిల్లల బుగ్గలకు తగిలితే పొక్కుతుంది, ముందురోజే కడిగి నానబెట్టాలి. చింతపిక్కలతో వామనగుంటలు నాలుగేళ్లు దాటినవాళ్లకే. మూడేళ్లలోపు వాళ్ల దగ్గర మూడు సెంటీమీటర్లకన్నా సన్నటి వస్తువేదీ ఉండకూడదు.

సాయంత్రం గేటు దగ్గర ఇక్కడి తల్లిదండ్రులు "ఇవాళ ఏం రాయించారు?" అని అడుగుతారు. మెల్‌బోర్న్‌లో అయితే ఒక ఫొటో, కింద రెండు వాక్యాలు పంపుతారు: పాప ఏం చేసింది, దాంట్లో ఏం నేర్చింది. "చెంబుకు నాలుగు గ్లాసులని తనే లెక్కపెట్టింది" అని వాట్సాప్‌లో పెట్టండి. ఫొటోలో పక్క పిల్లల ముఖాలు పడితే, వాళ్ల ఇంట్లో ఒప్పుకున్నాకే పంపాలి.