మెలికల ముగ్గు పూస: పదకొండోది టిక్కుమంది

పదకొండో గాజు పూస నిన్న పొద్దున ఏడున్నరకి పోయింది. పూసని మెల్లగా చల్లార్చే కిల్న్‌లో పెట్టడానికి ఇంకో నిమిషం ఉందనగా టిక్ అని చిన్న శబ్దం, చూస్తే ఒక చివర నుంచి సగం దాకా పగులు. గాజు కరిగించే టార్చ్ ఆపేసి మేడ మీద సింటెక్స్ ట్యాంక్ నీడలో పావుగంట కూర్చున్నాను, కిందికి దిగి ఎవరితోనూ మాట్లాడబుద్ధి కాలేదు.

ఏం చేస్తున్నానో ముందు చెప్పాలి. నల్ల పూస మీద తెల్ల స్ట్రింగర్‌తో, అంటే సన్నగా లాగిన గాజు పోగుతో, మెలికల ముగ్గు. చెన్నై విల్లివాక్కంలో మా వీధిలో మార్గళి (మన ధనుర్మాసం) నెలంతా పోటీ పడి కోలాలు వేస్తారు, తడి నేల మీద తెల్లగీత అలా మెలి తిరిగి వెళ్తుంటే పూస మీద ఎందుకు రాదు అనిపించింది. అనిపించడం వరకే తేలిక. పీపా ఆకారం పూస, లావు 14 మిల్లీమీటర్లు, అంటే చుట్టుకొలత 44. నడుం చుట్టూ 6 చుక్కలు, చుక్కకీ చుక్కకీ మధ్య 7 పైచిలుకు. ఒక అల మొదటి చుక్క పైనుంచి, రెండో చుక్క కిందనుంచి అలా చుట్టూ తిరిగి వస్తుంది, రెండో అల దానికి సరిగ్గా తిరగేసి. రెండూ 6 చోట్ల దాటుకుంటాయి. ఒక్కో అలకి 55 మిల్లీమీటర్ల గీత పడుతుంది. చుక్కలు బాగానే వస్తున్నాయి, వాటి సంగతి వదిలేయండి. నా ప్రాణం తీస్తున్నది ఆ 6 దాటుళ్లు.

1 నుంచి 3 పూసలు: పోగు 1.5 మిల్లీమీటర్లు. కరిగించి సమం చేశాక గీత వెడల్పు 2.6 అయింది, దాటే చోట 4 దాటింది. చుక్కలన్నీ గీతల్లో కలిసిపోయాయి. ముగ్గు కాదు, పెరుగు ఒలికినట్టుంది.

4, 5: సన్నం చేద్దామని 0.6 లాగాను. ఇది మంట అంచుకి తగలగానే కాలిన వెంట్రుకలా ముడుచుకుపోతుంది. పూసకి ఆనేలోపే కొనన 2 మిల్లీమీటర్ల ఉండ తయారు. ఆ ఉండతోనే గీత మొదలైతే ఇక ఎవరు చూస్తారు దాన్ని. 0.6 నా చేతికి ఇంకా రెండేళ్ల దూరంలో ఉంది.

6, 7: సరిగ్గా 1 మిల్లీమీటర్. కాలిపర్‌తో ప్రతి పోగూ మూడు చోట్ల కొలిచి, 0.9 కన్నా తక్కువా 1.1 కన్నా ఎక్కువా ఉన్నవన్నీ పక్కన పెట్టేశాను. గీత 1.7 దగ్గర నిలబడింది, చాలా బాగుంది. దాటే చోట మాత్రం 3. పైగా ఉత్త లావు కాదు, నాలుగు గీతలూ మధ్యలోకి లాక్కుపోయి పీతలా తయారయ్యాయి. భూతద్దంలో చూస్తే గీతలు దాటుకోవడం లేదు, అక్కడొక తెల్ల మడుగు, దానికి నాలుగు కాళ్లు.

ఏడో పూస చేస్తున్నప్పుడు నెల్లూరు నుంచి వచ్చిన మా అత్తయ్య దూరంగా కుర్చీ వేసుకుని చూస్తున్నారు. కాసేపాగి, "ఏందమ్మాయ్, దాన్ని అట్టా నెడతా ఉండావు? ముగ్గు ఎక్కడన్నా నెడతారా?" అన్నారు. నాకు కోపం వచ్చింది, మండే గాజు సంగతి ఈవిడకేం తెలుసని. రాత్రి పడుకున్నాక ఆలోచిస్తే నిజమే. ముగ్గు వేసేటప్పుడు చెయ్యి నేలని తాకదు, పిండి దానంతటది జారుతుంది. నేనేమో పోగుని పూస మీదకి తోస్తున్నాను. పోగుని కదలకుండా పట్టుకుని, పూసని తిప్పుతూ అదే లాక్కునేలా వదిలితే గీతలో వణుకు పోయింది. ఆవిడతో ఆ మాట ఒప్పుకోవడానికి రెండు రోజులు పట్టింది.

వణుకు పోయింది కానీ మడుగు పోలేదు. ఎందుకూ అని కూర్చుని లెక్కేశాను. పిండి మీద పిండి పడితే నేల మీద ఏమీ తెలియదు, గీత వెడల్పు అంతే ఉంటుంది. గాజు అలా కాదు, దాటే చోట రెట్టింపు గాజు ఉంటుంది, కరిగాక అది ఎక్కడికో పోవాలిగా, పక్కలకి పోతుంది. పైగా కరిగిన గాజు ఉండగా మారాలని చూస్తుంది కాబట్టి చుట్టుపక్కల గీతని కూడా తన వైపు లాక్కుంటుంది. పీత కాళ్లు అందుకే. ఇక నేను వాడే ఎఫెట్రే కంపెనీ గాజులో తెలుపు మామూలుగానే మెత్తన, కింద నలుపు ఇంకా గట్టిగా ఉండగానే ఇది నీళ్లలా కదులుతుంది. తెలుపు అంటే నాకు ఇష్టమే, దాని చుక్కలు అందంగా వస్తాయి, కానీ సన్న గీతకి పట్టుకుంటే పసిపిల్లతో పెళ్లిపనులు చేయించినట్టుంటుంది.

మంట ఎక్కువేమో అని కూడా అనుమానపడ్డాను. నా టార్చ్ పేరు మైనర్ బర్నర్, దానికి 2021లో ఎవరో కొనుక్కుని మూలన పడేసిన ఆక్సిజన్ కాన్సంట్రేటరే దిక్కు, నిమిషానికి 5 లీటర్లది. దాన్ని 3కి తగ్గించి చూశాను. మంట పసుపెక్కి తెలుపు మీద బూడిద పొర వచ్చింది తప్ప మడుగు తగ్గలేదు. మళ్లీ 5కి పెట్టేశాను. ఇంకో అనుమానం గాలి. మధ్యాహ్నం దాటాక సముద్రపు గాలి మొదలైతే మేడ మీద మంట కొన ఊగుతుంది, అందుకే ఇప్పుడు పొద్దున ఆరింటికే మొదలుపెడుతున్నాను. గీతకి మేలు జరిగింది, దాటుళ్లకి కాదు.

8: మొదటి అల పూర్తిగా సమం చేసి, పూస ఎర్రదనం పోయేదాకా ఆగి, అప్పుడు రెండో అల. దాటే చోటు 2.6కి దిగింది. కానీ పైగీత వెళ్లిన వైపుకి కిందిగీత కూడా కాస్త జరిగింది. 6 చోట్లా అదే వైపు, ఈదురుగాలికి వాలిన వరిలా.

9: అసలు కరిగించకపోతే? గీతలు ఉబ్బెత్తుగానే వదిలేశాను. దాటుళ్లు చెక్కినట్టు వచ్చాయి, ఎగిరి గంతేశాను. 520 డిగ్రీల దగ్గర గంట ఉంచి, రాత్రంతా చల్లారనిచ్చి మర్నాడు తీసి గోటితో అలా తడిమితే 8 మిల్లీమీటర్ల గీత ఊడి చేతికొచ్చింది. పూస మరీ చల్లబడ్డాక గీశానన్నమాట, పోగు పైన కూర్చుంది కానీ అతకలేదు. దాని అంచు కింద సందు కనిపిస్తోంది, అందులో మాండ్రెల్ (పూసని చుట్టే లోహపు పుల్ల) పూత పొడి కూడా ఇరుక్కుంది.

10: రెండో అలని ముక్కలుగా. మొదటి గీత దగ్గరికి రాగానే ఆపి, అటు పక్క మళ్లీ మొదలు. కింద నుంచి దూరి వెళ్లినట్టు కనిపించాలని ఆశ. 6 ముక్కలు, అంటే 12 కొనలు, 12 కొనలకీ 12 బొడిపెలు. చీమల బారు.

11: ఇది అసలైనది. తెల్ల కడ్డీ చుట్టూ పారదర్శక గాజు పలచగా పూసి, ఆ రెండింటినీ కలిపి పోగు లాగాను, మొత్తం 1.2. పై పొర బిగువుగా ఉంటుంది కాబట్టి లోపలి తెలుపు పారిపోదు. గీస్తుంటే తేడా చేతికే తెలిసింది, పోగు మాట వింటోంది. మొదటి అల సమం చేసి రెండోది వేస్తే దాటుళ్లలో నాలుగు 2.2 లోపే. పీత కాళ్లు లేవు. ఐదో దాటుడు దగ్గర గీత కొంచెం పక్కకి వెళ్లింది, దాన్ని టంగ్‌స్టన్ సూదితో సరిచేద్దామని వంగి, ఆ ఒక్క చోటే మంట పెట్టుకుని, ఎంతసేపు చూశానో నాకే తెలియదు. అటు చివర మంట బయట ఉండిపోయి చల్లబడింది. టిక్.

ఇది కొత్తగా నేర్చుకునేవాళ్లు చేసే తప్పు. అదే నాకు మండిపోతోంది. ఇప్పుడు వంటింటి టైమర్ ఒకటి పక్కన పెట్టాను, ప్రతి 15 సెకన్లకీ మోగుతుంది, మోగగానే పూస మొత్తం ఒకసారి మంటలో తిప్పి మళ్లీ పని. కింది వాటావాళ్లు ఏమిటా గోల అని అడిగారు.

ఈ మధ్యలో ఒక వెర్రి పని కూడా చేశాను, రాయకపోతే దాచినట్టవుతుంది. విరిగిన తెల్ల మట్టిగాజులు కరిగించి పోగు లాగాను, చవకగా పోతుందని. పోగు అద్భుతంగా వచ్చింది, తెలుపు కన్నా గట్టిది. నల్ల పూస మీద గీసి కిల్న్‌లో పెడితే తెల్లారేసరికి గీత పొడుగునా సన్న పగుళ్లు. రెండు గాజుల వ్యాకోచం కలవలేదు. ఎఫెట్రే వ్యాకోచం అంకె 104, దాని పక్కన 104 మాత్రమే. ఈ విషయం నేనే పదిమందికి చెప్పి ఉంటాను.

తిరగేసి తెల్ల పూస మీద నల్లగీత వేస్తే సరిపోతుందిగా అంటారు. మామూలు నలుపు సన్నగా లాగితే అసలు రంగు బయటపడుతుంది, అది ముదురు వంకాయ రంగు. ఇంటెన్స్ బ్లాక్ అనే ఇంకో నలుపు అయితే నల్లగానే ఉంటుంది కానీ తెలుపు మీద సాలెగూడులా పాకుతుంది. కొందరికి ఆ పాకుడే ఇష్టం. ముగ్గుకి పనికిరాదు.

పన్నెండో పూసకి మొదటి అల 1.2, రెండోది 0.9, రెండూ పై పొర ఉన్నవే. దాటే చోట రెట్టింపు గాజు పడకుండా ఒకటిన్నర వంతు పడితే 2కి దిగుతుందని ఆశ. అదీ కాకపోతే 6 చుక్కల్ని 4 చేసి దాటుళ్లు తగ్గిస్తాను, ఓడిపోయినట్టే కానీ చూడ్డానికి ఖాళీ ఉంటుంది.

సంక్రాంతికి అత్తయ్యని దింపడానికి వెళ్లినప్పుడు కాళహస్తి మీదుగా తిప్పి పాపానాయుడుపేట చూడాలని ఉంది. అక్కడ కొలిమిలోంచి గాజు గొట్టాన్ని పొడుగ్గా లాగి, ముక్కలు కోసి, బెజ్జాలు పూడకుండా బూడిద కలిపి మళ్లీ వేడిచేసి పూసలు చేసేవారు. పుదుచ్చేరి దగ్గర అరికమేడు తవ్వకాల్లో దొరికిన గాజు పూసల్లో చాలావరకూ అలా గొట్టం లాగి చేసినవే. వాళ్లు చేత్తో లాగిన గొట్టం వెడల్పు అంతటా ఒకేలా ఎలా ఉంచేవారో ఎవరైనా పెద్దాయన్ని అడగాలి. నా మూరెడు పోగులోనే 0.9 నుంచి 1.3 దాకా ఊగుతుంది.

ఈ రోజు సాయంత్రం 14 పోగులు లాగాను. 9 పనికొచ్చాయి. అగరబత్తి డబ్బాలు రెండు ఖాళీ చేసి ఒకదాని మీద 1.2, ఇంకోదాని మీద 0.9 అని రాసి పెట్టాను, పోగులన్నీ మల్లెపూల వాసన వస్తున్నాయి. రేపు ఆరింటికి, గాలి లేకపోతే.