కారేది ఒకచోట, చిల్లు ఇంకోచోట

2024 ఏప్రిల్ 16న పడిన వానను షార్జాలో ఉన్నవాళ్ళెవరూ మరిచిపోరు. అల్ ఐన్ దగ్గర ఖత్మ్ అల్ షక్లాలో ఒక్క రోజు కూడా నిండకముందే 254 మిల్లీమీటర్లు పడింది. 1949 నుంచి ఉన్న లెక్కల్లో ఇంత వాన ఎప్పుడూ లేదని తర్వాత చెప్పారు. ఏడాది మొత్తానికి వంద మిల్లీమీటర్లు పడితేనే ఎక్కువ అనుకునే దేశం ఇది. మా ఇండస్ట్రియల్ ఏరియా రోడ్లలో మోకాళ్ళ లోతు నీళ్ళు. రూములో ఎనిమిది మందిమి రెండు రోజులు కిందికి దిగలేదు. నీళ్ళు తీసేశాక చూస్తే నేను పనిచేసే గ్యారేజ్ ముందు బండ్లు వరస కట్టి ఉన్నాయి. కొన్ని మునిగిన బండ్లు. కొన్ని మునగకపోయినా లోపల తడిసినవి. ఈ రెండో రకం మీద నాకు ముందు నుంచీ పట్టింపు ఎక్కువ.

పాత ల్యాండ్ క్రూజర్లు, పాత నిస్సాన్ పెట్రోల్ బండ్లు, జీపుల ముందు అద్దాన్ని ఇప్పటి కార్లలాగా గమ్ముతో అంటించరు. చుట్టూ రబ్బరు బీడింగ్ ఉంటుంది. దానికి రెండు గాడులు. ఒక గాడిలో అద్దం కూర్చుంటుంది, రెండో గాడి బాడీ రేకు అంచును పట్టుకుంటుంది. రబ్బరు మెత్తగా ఉన్నన్నాళ్ళు చుక్క నీరు లోపలికి రాదు. కానీ ఇక్కడి ఎండలో ముప్పై ఏళ్ళు నిలబడిన రబ్బరు ఎలా ఉంటుందో చేత్తో పట్టుకుంటేనే తెలుస్తుంది. గోరుతో నొక్కితే లొంగదు, చిట్లుతుంది. మూలల దగ్గర కుంచించుకుపోయి రేకును వదిలేస్తుంది. వాన పడని దేశం కాబట్టి ఏళ్ళ తరబడి ఆ సంగతి ఎవరికీ తెలియదు.

మే నెల మొదట్లో ఒక పెద్దాయన 1989 మోడల్ ల్యాండ్ క్రూజర్, 60 సిరీస్ బండి తెచ్చాడు. ఇక్కడి మనిషే. ఎడారిలో ఎజ్బా, అంటే ఒంటెల దొడ్డి ఉందట, ఆ బండి వాళ్ళ నాన్న కొన్నదట. డోర్ తీయగానే కుళ్ళిన గోనెసంచి వాసన కొట్టింది. డ్రైవర్ వైపు కార్పెట్ ఎత్తి కింది ఫెల్ట్‌ను పిండితే, వాన వెలిసి రెండు వారాలు దాటినా, నీళ్ళు కారాయి. ఫ్యూజ్ బాక్స్ దగ్గర వైర్ల కొసలు పచ్చగా చిలుం పట్టి ఉన్నాయి.

అద్దం చుట్టూ ఎవరో ఎప్పుడో సిలికాన్ పూసి ఉన్నారు. మా ఫోర్‌మన్ మలయాళీ. చూసి, "ఇంకో ట్యూబ్ పూసి పంపించెయ్, ముప్పై బండ్లు ఉన్నాయి" అన్నాడు. ఆయన్ను తప్పు పట్టను. అర్బాబ్, అంటే మా యజమాని, రోజూ సాయంత్రం ఎన్ని బండ్లు బయటికి పోయాయని అడిగేది ఆయన్నే. అయినా నేను "చేట్టా, ఇది అద్దం దింపాల్సిన పని" అన్నాను. పదిహేనేళ్ళ గల్ఫ్ బతుకులో ఫోర్‌మన్ మాటకు ఎదురు చెప్పింది చాలా తక్కువ. ఈ ఒక్క విషయంలో మాత్రం ఊరుకోలేను. మామూలు సిలికాన్ ట్యూబ్ విప్పగానే వెనిగర్ వాసన వస్తుంది. ఆరేటప్పుడు అందులోంచి వచ్చే ఆ ఆమ్లమే రేకును తింటుంది. పైగా అది పూసిన చోట తర్వాత ఇంకేదీ సరిగ్గా అంటదు. పైపైన కప్పేసరికి లోపలికి వెళ్ళిన నీళ్ళు బయటికి రాక అక్కడే నిలిచి తుప్పు పెంచుతాయి. డబ్బు తీసుకుని మరీ బండికి చెరుపు చేసినట్టే.

మా ఉస్తాద్ పెషావర్ వైపు మనిషి, అరవై దాటాయి. ఫోర్‌మన్ మొహం, నా మొహం చూసి, "పైపు తీసుకురా బేటా, ముందు ఎక్కణ్ణుంచి వస్తుందో చూద్దాం" అన్నాడు.

లోపల అంతా పొడిగా తుడిచి డాష్‌బోర్డు మీద, అద్దానికి రెండు పక్కలా ఉండే రేకు స్తంభాల దగ్గర టాల్కం పౌడర్ చల్లాం. నేను బయట పైపు పట్టుకున్నాను, ఉస్తాద్ లోపల టార్చ్‌తో కూర్చున్నాడు. నీళ్ళు పై నుంచి పోయకూడదు. కింది అంచు దగ్గర మొదలుపెట్టి, అయిదు నిమిషాలు అక్కడే ఉంచి, తర్వాత కొంచెం కొంచెం పైకి జరపాలి. మొదటే పైన పోస్తే అన్ని చోట్లా తడిసి ఏది చిల్లో తెలియదు. కింది అంచు దగ్గర ఏమీ రాలేదు. పక్క అంచుల్లోనూ రాలేదు. ఎడమ పై మూలకు చేరాక లోపల్నుంచి అద్దం మీద తట్టాడు. వెళ్ళి చూస్తే తెల్లటి పౌడర్ మీద సన్నటి గీత. పై మూలలో దూరిన నీరు స్తంభం వెనక దాక్కుంటూ దిగి, కింద ఫ్యూజ్ బాక్స్ పక్కన బయటపడుతోంది. సిలికాన్ పూసినవాడు కింద తడి చూసి కిందే పూశాడు.

ఆ గీత చూడగానే మా బాపు గుర్తొచ్చాడు. జగిత్యాల దగ్గర మాది గూన పెంకల ఇల్లు. మిరుగం ముందు బాపు ఇల్లు సర్దేవాడు. మిట్ట మధ్యాహ్నం తలుపులు మూసి, చీకట్లో నేల మీద వెల్లకిలా పడుకుని పైకి చూసేవాడు. పెంకలు జరిగిన చోట ఎండ చుక్కలు కనపడేవి. నన్ను పైకెక్కించి కింది నుంచి కర్రతో తట్టి చెప్పేవాడు. "నీళ్ళు పడ్డ కాడ చూడకు కొడుకా, వాసం పొంటి పైకి చూడు. నీరు వాసం పట్టుకొని నడుస్తది" అనేవాడు. అన్నం గిన్నెలో చుక్కలు పడుతుంటే అవ్వ గిన్నె జరుపుకునేది, బాపు మాత్రం నాలుగు గజాల అవతల పెంక మార్చేవాడు. ఈ పని నాకు నేర్పిన మొదటి ఉస్తాద్ ఆయనే. షార్జా ఉస్తాద్‌కు ఈ మాట చెప్తే, వాళ్ళ ఊళ్ళో మట్టి కప్పులకూ అంతేనన్నాడు.

అద్దం దింపడం నాకు ఇప్పటికీ టెన్షనే. 2011లో, ఇంకో గ్యారేజ్‌లో, బీడింగ్ పాడవకుండా తీద్దామని మూల దగ్గర స్క్రూడ్రైవర్ పెట్టి లేపాను. టిక్కుమని చిన్న చప్పుడు, అంతే. మూల నుంచి మూలకు గీత పాకింది. ముందు అద్దం రెండు పలకలు, మధ్యలో పలచటి ప్లాస్టిక్ పొర. నడిమధ్యలో కొంత తట్టుకుంటుంది కానీ అంచు మీద ఒక్క చోట బలం పడితే తట్టుకోదు. అద్దం ఖరీదు నా జీతంలో కోసుకున్నారు. ఆ నాలుగు నెలలు ఇంటికి తక్కువ పంపాను, ఎందుకో చెప్పలేదు. అప్పట్నుంచి పాత రబ్బరు మీద నాకు మమకారం లేదు. బయటి పెదవిని కత్తితో చుట్టూ కోసేస్తాను. రబ్బరు పోతే పోయింది, అద్దం మిగలాలి.

అద్దం ఇద్దరం ఎత్తి దుప్పటి మీద పెట్టాం. రేకు అంచు గాడిలో ఎర్రటి ఇసుక, అల్ బదాయర్ వైపు దిబ్బల్లో ఉండే రంగు. వేళ్ళ మధ్య నలిపితే పిండిలా ఉంది. బండి కుదిపినప్పుడల్లా ఇసుక కాగితంలా రాసి పెయింట్ లేపేసింది. ఎడమ పై మూలలో చిల్లులు చిన్నవే. సిలికాన్ పూసిన కింది మూలలో మాత్రం బొటనవేలు పట్టేంత రేకు పొరలు పొరలుగా రాలిపోయింది. పెద్దాయన్ను పిలిచి చూపించాను. ఆయన వంగి ఆ తుప్పును వేలితో తాకి చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "చెయ్యి. ఎన్ని రోజులైనా పరవాలేదు" అన్నాడు.

తుప్పును వైరు బ్రష్‌తో గీకి, పోయిన చోట కొత్త రేకు ముక్క వెల్డింగ్ చేసి, ప్రైమర్, పెయింట్ వేసి రెండు రోజులు ఆరనిచ్చాం. బీడింగ్ కంపెనీదే తెప్పించమని పట్టుబట్టాను. చాలా నకిలీ బీడింగ్‌లలో మూలలు అచ్చులో పోసినవి కావు, కోసి అతికించినవి. మూలలే కారే చోట్లు కదా.

బిగించేది తెల్లవారి ఆరింటికి పెట్టుకున్నాం, రేకు వేడెక్కకముందే. రబ్బరును అద్దానికి తొడిగి, రెండో గాడిలో చుట్టూ నైలాన్ తాడు దూర్చి, కొసలు కింద మధ్యలో ఒకదాని మీద ఒకటి వచ్చేలా లోపలికి వేలాడదీశాం. గాడికి సబ్బు నీళ్ళు రాశాం. నూనె రాయకూడదు, రబ్బరు ఉబ్బుతుంది. నేను బయట అరచేతులు ఆనించి నొక్కుతుంటే ఉస్తాద్ లోపల తాడు లాగుతూ వచ్చాడు. తాడు బయటికి వచ్చిన కొద్దీ రబ్బరు పెదవి రేకు మీదుగా లోపలికి మడుచుకుంటుంది. సరిగ్గా కూర్చున్నప్పుడు ప్రతి జానెడుకీ ఒక మెత్తటి చప్పుడు వస్తుంది. మూల దగ్గర ఆ చప్పుడు రాలేదు. ఆపి, ఇంకాస్త సబ్బు నీళ్ళు పోసి, రెండు జానలు వెనక్కి వెళ్ళి మళ్ళీ లాగాడు. అప్పుడు వచ్చింది. తర్వాత పెదవి కింద ఎప్పటికీ గట్టిపడని నల్ల బంక, మాస్టిక్ పట్టించాం.

పెద్దాయన వచ్చేసరికి ఇరవై నిమిషాల నుంచి పైపు నడుస్తోంది, ఎడమ పై మూల మీదే. ఆయన చెప్పులు విడిచి డ్రైవర్ సీట్లోకి ఎక్కాడు. కార్పెట్ ఇంకా వేయలేదు. వట్టి రేకు మీద అరచెయ్యి పెట్టి మెల్లగా చివరిదాకా జరిపాడు.

"మాఫీ మాయ్?" అన్నాడు, నీళ్ళు లేవా అని.

"మాఫీ మాయ్, బాబా."

చెయ్యి తీయలేదు. లోపల్నుంచి నాకు సైగ చేశాడు, ఇంకాసేపు పోయమని. పోశాను.