ఇంజిన్ ఆగినందుకే విమానం కూలదు

మొన్న ఆదివారం పొద్దున పక్కింటి అక్క వచ్చి మా అరుగు మీద కూర్చుంది. బల్లార్‌పూర్‌లో మాదంతా తెలుగువాళ్ల వాడ. బొగ్గు గనుల పనికో, పేపర్ మిల్లు పనికో తాతల కాలంలో వచ్చి ఇక్కడే నిలబడిపోయినవాళ్లం. అక్క బిడ్డకు పైలట్ ట్రైనింగ్‌లో సీటు వచ్చింది. వాడ అంతటికీ మిఠాయి పంచింది గానీ అక్క కంటికి కునుకు లేదు. 2023 మార్చిలో గోండియా దగ్గరి బిర్సీ నుంచి లేచిన శిక్షణ విమానం బాలాఘాట్ వైపు కొండల్లో కూలి, లోపలున్న ఇద్దరూ పోయారు. ఆ వార్త ఆమె మర్చిపోలేదు. గోండియా మాకు ఒక్క రైలు దూరమే.

"తమ్మీ, మీదికి పొయ్యినంక ఇంజన్ బందైతే ఎట్లరా?" అని అడిగింది.

ట్రైనింగ్ విమానాలు రిపేరు చేసే టెక్నీషియన్‌గా ఇరవై ఏళ్లకు పైగా పానాలు (స్పానర్లు) పట్టుకుని బతికినవాణ్ణి. ఇంజిన్ ఆగితే విమానం రాయిలా పడదని, జారుకుంటూ దిగుతుందని చెప్పాను. సెస్నా 152 అనే రెండు సీట్ల శిక్షణ విమానం అయితే 60 నాట్ల (గంటకు దాదాపు 110 కిలోమీటర్ల) వేగం పట్టుకుంటే వెయ్యి అడుగుల ఎత్తు నుంచి దాదాపు రెండున్నర కిలోమీటర్లు జారగలదు. ఏదో ఒక చేను దొరుకుతుంది. అక్క తల ఊపి వెళ్లిపోయింది. ఆమె భయం పోలేదు, నాకూ తృప్తి కలగలేదు. ఎందుకంటే నా దగ్గరికి రిపేరుకొచ్చిన విమానాల్లో ఎక్కువ వాటికి ఇంజిన్ చక్కగానే ఉండేది. దెబ్బ మరోచోట ఉండేది.

మొదట ల్యాండింగ్ సంగతి. చిన్న విమానాలు దెబ్బతినేది ఎక్కువగా అక్కడే. కుర్రాడు 60 నాట్లతో రావాల్సినచోట 75తో వస్తాడు. విమానం నేలకు తగలకుండా తేలుతూ పోతుంటుంది. ఎదురుగా రన్‌వే అయిపోతుందని కంగారుపడి ముక్కు కిందికి తోస్తాడు. ముందు చక్రం తగిలి విమానం ఎగురుతుంది. ఎగరగానే మళ్లీ తోస్తాడు. రెండోసారి ఇంకా పైకి లేస్తుంది, మూడోసారికి ముందు చక్రం విరుగుతుంది, లేదంటే ప్రొపెల్లర్ కొసలు నేలకు రాసుకుని వంగిపోతాయి. మొదటి ఎగురుడుకే ఫుల్ పవర్ ఇచ్చి, రెక్కల వెనక కిందికి దించే ఫ్లాప్స్‌ను 20 డిగ్రీలకు తగ్గించి, గో అరౌండ్ చేస్తే, అంటే దిగడం మానేసి మళ్లీ పైకి లేచి చుట్టు తిరిగి వస్తే, ఇవేవీ జరగవు. చెయ్యరు. గో అరౌండ్ అంటే ఓడిపోయినట్టని పిల్లల మనసులో ఎవరు నాటారో గానీ, ఆ ఆలోచన నా చేత ఎన్నో ప్రొపెల్లర్లు విప్పించింది.

ఒకసారి వేరే జిల్లాలో పనిచేస్తున్నప్పుడు, వానాకాలం పొద్దున్నే విమానం కౌలింగ్ (ఇంజిన్ మీది మూత) తీసి టార్చి వేశాను. ఇంజిన్‌కూ కేబిన్‌కూ మధ్య ఫైర్‌వాల్ అని ఒక రేకు గోడ ఉంటుంది. ముందు చక్రం బిగింపు దాని అడుగుకే ఉంటుంది. ఆ రేకు మీద దుప్పటి మడత లాంటి ముడత. వేలితో తడిమితే గోటికి తగిలింది. పక్కన రివెట్ల చుట్టూ నల్లటి మసి గీతలు. అంటే రివెట్ వదులై రాపిడి తింటోందన్నమాట. లాగ్ బుక్ తీసి చూస్తే ఒక్క అక్షరం లేదు. ముందురోజు మధ్యాహ్నం గట్టిగా దించింది సిరోంచా వైపు నుంచి వచ్చిన మన తెలుగు పిల్లగాడే. వాడు దిగాక అదే విమానంలో ఇంకో ఇద్దరు ఎగిరొచ్చారు. పక్కకు తీసుకెళ్లి అడిగితే ఏడ్చాడు. "చెప్తే నా ఎగిరే గంటలు ఆపేస్తరన్నా, ఫీజు మా బాపు భూమి అమ్మి కట్టిండు" అన్నాడు. వాడి మీద నాకు కోపం రాలేదు. గట్టి ల్యాండింగ్ చెప్పినవాణ్ణి అందరి ముందూ నిలబెట్టి తిట్టే ఆ చోటి పద్ధతి మీద వచ్చింది, ఇప్పటికీ ఉంది.

ల్యాండింగ్ దెబ్బల్లో మనిషి చాలావరకు బతికి బయటపడతాడు. ప్రాణం తీసేది దానికి కాస్త ముందు, రన్‌వే వైపు తిరిగే చివరి మలుపు. గాలి తోసేసి రన్‌వే గీత దాటిపోతే, తొందరగా తిప్పాలని రెక్కను బాగా వంచుతారు, కాలితో రడ్డర్ (తోక మీద ముక్కును పక్కకు తిప్పే రేకు) కూడా తొక్కుతారు, ముక్కు జారుతుంటే చేతిలోని కంట్రోల్‌ను వెనక్కి లాగుతారు. ఎత్తు తగ్గకుండా 60 డిగ్రీలు వంచి తిప్పితే విమానం తన బరువుకు రెట్టింపు మోయాలి. మామూలుగా 40 నాట్ల దగ్గర స్టాల్ అయ్యేది, అంటే రెక్క మోయలేక వదిలేసేది, అప్పుడు 56 దగ్గరే అయిపోతుంది. ఒక రెక్క ముందు వదిలేస్తుంది, విమానం గిరగిరా తిరుగుతూ పడే స్పిన్ మొదలవుతుంది. మూడు వేల అడుగుల్లో అయితే సరిచేసుకోవచ్చు. ఆ మలుపులో ఉండేది ఐదారు వందల అడుగులే. టేకాఫ్ అవగానే ఇంజిన్ తడబడితే వెనక్కి తిరిగి రన్‌వే చేరాలనుకోవడం కూడా ఇదే మలుపు, ఇదే చావు. ఎదురుగా ఉన్న చేనే దిక్కు.

మా ఊరి ఎండ సంగతి కూడా చెప్పాలి. చంద్రపూర్ సముద్రమట్టానికి 600 అడుగుల పైచిలుకే. కానీ మే నెలలో 46 డిగ్రీలున్న మధ్యాహ్నం ఇక్కడి గాలి ఎంత పలచబడుతుందంటే, విమానానికి 4,400 అడుగుల గుట్ట మీద ఉన్నట్టే. ఇంజిన్‌కు గాలి చాలదు, రెక్కకూ చాలదు. 110 గుర్రాల ఇంజిన్, ఇద్దరు నిండు మనుషులు, నిండు ట్యాంకులు. పొద్దున హాయిగా లేచిన విమానం మధ్యాహ్నం రన్‌వే చివరి దాకా ఈడ్చుకుంటూ పోతుంది. వేగం రాకముందే లాగితే కాస్త లేచి మళ్లీ కూర్చుంటుంది. వేసవిలో పొద్దున తొమ్మిదిలోపు ఎగరడం ముగించాలని నేను గొడవపడేది ఇందుకే.

ఇక వానాకాలం. "ఇంజిన్ వణికింది, పవర్ పోయింది" అని రాసి పెడతారు. గాలినీ పెట్రోలునూ కలిపి ఇంజిన్‌కు పంపే కార్బురేటర్ విప్పి చూస్తే శుభ్రంగా ఉంటుంది. ఇంత వెచ్చటి దేశంలో కార్బురేటర్‌లో మంచు అంటే ఎవరూ నమ్మరు. మట్టికుండ నీళ్లు చల్లబడ్డట్టే, పెట్రోలు ఆవిరవుతూ చుట్టూ ఉన్న వేడిని లాగేస్తుంది. లోపలి వేడి బయటికంటే 30 డిగ్రీల మేర తగ్గిపోవచ్చు. బయట 25 డిగ్రీలు, ముసురు, పవర్ తగ్గించి దిగుతున్న విమానం: మంచు పట్టడానికి అంతకంటే అనువు లేదు. నేను విప్పేసరికి అది కరిగి నీరై పోయుంటుంది. పవర్ తగ్గించే ముందు కార్బ్ హీట్ (కార్బురేటర్‌కు వేడి గాలి పంపే పిడి) లాగాలి, అంతే.

పెట్రోలు గేజీలను నేనెప్పుడూ నమ్మలేదు. రెక్క ఎక్కి డిప్‌స్టిక్ ముంచి చూడాల్సిందే. రాత్రంతా సగం ఖాళీగా నిలబెట్టిన ట్యాంకులో పొద్దునకు నీళ్లు చేరతాయి. శాంపిల్ గ్లాసులో పడితే నీలం పెట్రోలు కింద రంగులేని ముత్యంలా కూర్చుంటాయి.

ఎవరూ పట్టించుకోనిది సీటు. సెస్నాలో సీటు కింద పట్టాలుంటాయి, వాటి రంధ్రాల్లో పిన్ను దిగాలి. రంధ్రం అరిగినా, పిన్ను సగమే దిగినా, టేకాఫ్‌లో ముక్కు లేవగానే సీటు వెనక్కి జారుతుంది. చేతిలో ఉన్నది కంట్రోలే కదా, మనిషి దాన్నే పట్టుకు వేలాడతాడు. ముక్కు నిట్టనిలువుగా లేస్తుంది, స్టాల్. ఇలా ప్రాణాలు పోయాకే అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్ఏఏ 1987లో ఆ పట్టాలను తరచూ పరీక్షించాలని ఆదేశం ఇచ్చింది. నేను ప్రతి విమానంలో కూర్చుని సీటును ముందుకూ వెనక్కూ కుదిపి చూసేవాణ్ణి. పిన్ను దిగితే "టక్" మంటుంది. ఆ చప్పుడు చేతికి తెలియాలి.

సాయంత్రం అక్క బిడ్డనే పిలిచి ఇదంతా చెప్పాను. నోటుపుస్తకం తెచ్చుకుంది. 46 డిగ్రీల లెక్క తనే మళ్లీ వేసుకుంది, సరిగ్గానే వచ్చింది. అక్క వంటింట్లోంచి వింటూనే ఉంది.

"మామా, నేను గట్టిగ దించిన్ననుకో, ఎవ్వలూ సూడలే. ముందుగాల ఎవ్వలికి చెప్పాలె?"

"టెక్నీషియన్‌కు చెప్పు. ఇన్‌స్ట్రక్టర్ కంటే ముందు అతనికే చెప్పు. విమానం తాళాలు ఇంకొకరి చేతికి పోకముందే."

రాసుకుంది. కింద గీత కూడా గీసింది.