డబ్బా మూత
మే నెలంతా మా పాపను బడికి సిద్ధం చేస్తున్నాననే అనుకున్నాను. అక్షరాభ్యాసం అయింది, 'అ' నుంచి 'అః' వరకు గడగడా చెప్పేది. జూన్ 12న గేటు దగ్గర అవేవీ పనికిరాలేదు. నా చున్నీ పట్టుకుని వదలదే!

"డబ్బా మూత తీయడం నేర్పావా అమ్మా?" అని అడిగారు మా అత్తగారు. నేర్పలేదు. ఆ సాయంత్రం నుంచి డబ్బాలో మరమరాలు పోసుకుని ఆర్కే బీచ్‌కు వెళ్లేవాళ్లం. కురుసుర జలాంతర్గామి దగ్గర గట్టు మీద కూర్చుని మూత తీయడం, చెప్పుల పట్టీ పెట్టుకోవడం, "టీచర్, బాత్రూమ్‌కు వెళ్లాలి" అని గట్టిగా చెప్పడం. అదే ఆట. అలల హోరులో గొంతు పెంచక తప్పదు కదా.

నా తప్పు ఇంకొకటి ఉంది. మొదటిరోజు చెప్పకుండా జారుకున్నాను. మర్నాడు ఏడుపు రెట్టింపయింది. ఆ తర్వాత "అన్నం తిన్నాక, గంట కొట్టగానే వస్తాను" అని చెప్పి, వెనక్కి చూడకుండా నడిచేదాన్ని. (మలుపు తిరిగాక చూసేదాన్ని లెండి.) చెప్పిన వేళకు మాత్రం ఒక్క నిమిషం ఆలస్యం చేయలేదు.

తొమ్మిదో రోజు తను ఏడవలేదు. సిరిపురం దాకా ఆటోలో నేనే కళ్లు తుడుచుకున్నాను. సాయంత్రం ఏం చేశావని అడిగితే, "పక్క బాబు డబ్బా మూత నేనే తీశాను" అంది.