ముసుగు లాగితే మనిషే

మేనకోడలితో కలిసి నిన్న స్కూబీ డూ రెజిల్‌మేనియా మిస్టరీ చూశాను. 2014లో వచ్చిన కార్టూన్ సినిమా. పెద్ద కుస్తీ పోటీ దగ్గరపడే వేళ ఎలుగుబంటి దెయ్యమొకటి అందరినీ హడలగొడుతుంది. జాన్ సీనా, కేన్, ట్రిపుల్ హెచ్ బొమ్మలకు గొంతు ఇచ్చింది ఆ మల్లయోధులే. కుస్తీ వీరుల ట్రంప్ కార్డులు దాచుకుని పెరిగిన మా తరానికి ఇది పండగే.

నన్ను కదిలించింది మాత్రం ఆ కుస్తీలు కాదు. ఛాంపియన్‌షిప్ బెల్టు మాయమవుతుంది, నింద స్కూబీ మీద పడుతుంది. తనకు తెలియకుండానే ఎవరో ఆడించిన ఆటలో చిక్కుకున్న కుక్క అది. ఆ ఘట్టంలో మా పాప నా చేయి గట్టిగా పట్టుకుంది. ఊరంతా వేలెత్తి చూపినా స్కూబీతో కలిసి తిరిగే కుర్రాడు షాగీ తన నేస్తం పక్కనే ఉంటాడు. అది చూసి నాకూ గొంతు పూడుకుపోయింది.

1969 సెప్టెంబరులో అమెరికాలో సీబీఎస్ ఛానల్‌లో మొదలైనప్పటి నుంచీ ఈ కథల తీరు దాదాపు ఇదే. జో రూబీ, కెన్ స్పియర్స్ సృష్టించిన షాగీ, అతని స్నేహితులు స్కూబీతో కలిసి దెయ్యాల గుట్టు విప్పబోయి భయపడతారు, పరుగెత్తుతారు, అయినా ఆధారాలు వెతకడం మానరు. చివరికి ముసుగు లాగితే బయటపడేది ఏదో ఆశతోనో కక్షతోనో వేషం కట్టిన మనిషే. బూచాడి పేరు చెప్పి అన్నం తినిపించే మన ఇళ్లకు ఇలాంటి కథలు ఎంతో అవసరమని నా నమ్మకం.

"బూచాడికీ ముసుగు ఉంటుందా?" అని అడిగింది పాప. ఉంటుందని గట్టిగా చెప్పాను.

దొంగ ఎవరో ఇక్కడ రాయను. పిల్లలను పక్కన కూర్చోబెట్టుకుని చూడండి.